కంపెనీ కోళ్లు, రైతు షెడ్డు: కోడి పడే అవస్థను కాగితం మీదికి ఎక్కించడం ఎలా

ఇంటిగ్రేషన్ ఫారంలో, అంటే కంపెనీతో ఒప్పందం మీద మాంసం కోళ్లు పెంచే చోట, పిల్లలు కంపెనీవి. దాణా, మందులు, టీకాలు కూడా కంపెనీవే. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలీ రైతువి. ఏ జాతి పిల్ల దిగాలో, ఎన్ని దిగాలో, ఏ రోజు బండి వచ్చి ఎత్తుకెళ్లాలో తేల్చేది కంపెనీ. కోళ్లు కుంటినా, ఎండకు రాలిపోయినా, అరికాళ్లు పుండ్లు పడినా బ్యాచ్ చివర లెక్క తేల్చే క్లోజింగ్ షీటు మీద పడే మాట మాత్రం ఒక్కటే: ‘మేనేజ్‌మెంట్ లోపం’. ఆ మాట ఒక్కోసారి పూర్తిగా నిజం. చాలాసార్లు సగమే నిజం. మిగతా సగం ఎవరిదో చూపించాలంటే నోటిమాట నిలవదు. తేదీ, సమయం వేసిన అంకె కావాలి.

ఆ అంకెలు రాబట్టే పద్ధతి ఇది. తెలంగాణ, ఆంధ్రలో ఎక్కువగా కనిపించే షెడ్డు, అంటే పైన రేకులు, పక్కల పిట్టగోడ, దాని మీద జాలీ, పరదాలు ఉన్న షెడ్డును మనసులో పెట్టుకుని రాశాం. అన్ని వైపులా మూసి ఫ్యాన్లతో నడిచే ఈసీ షెడ్లకు కొలిచే తీరు ఇదే, హద్దులు వేరు.

సామాను కొంచెమే. 100 అడుగుల టేపు, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే థర్మామీటర్లు రెండు, వేలాడదీసే డిజిటల్ కాటా, అమ్మోనియా చూసే కాగితపు పట్టీలు, టార్చిలైటు, ఫోను, ఒక లాంగ్ నోట్‌బుక్. కంపెనీ ఇచ్చే షెడ్ కార్డు ఉంది కదా అనుకోవద్దు. బ్యాచ్ అయ్యాక కార్డును సూపర్‌వైజర్ తీసుకెళ్లిపోతాడు. నోట్‌బుక్ మీ ఇంట్లోనే ఉంటుంది.

పిల్లలు దిగకముందు: టేపు, ఒప్పందం

షెడ్డు 300 × 30 అని చెప్పుకుంటాం. కోడికి దక్కే నేల అంత ఉండదు. దాణా బస్తాలు పెట్టే గది 10 అడుగులు తీసేస్తే 290 × 30, అంటే 8,700 చదరపు అడుగులు. దాన్ని 10.76తో భాగిస్తే దాదాపు 808 చదరపు మీటర్లు. ఈ అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. ఇక మీదట ప్రతి లెక్కా దీని మీదే నడుస్తుంది.

మన దగ్గర పాత లెక్క ‘అడుగుకో కోడి’. అది పిల్లను లెక్కపెట్టే లెక్క. కోడి ఇరుకు తెలియాలంటే కిలోల లెక్క కావాలి. కంపెనీ 10,000 పిల్లలు దించిందనుకోండి. 4 శాతం పోయి 9,600 మిగిలాయి, సగటు బరువు 2.2 కిలోలు. మొత్తం 21,120 కిలోలు, 808తో భాగిస్తే చదరపు మీటరుకు 26 కిలోలు. ఇప్పుడు రేటు పడిపోయిందని లిఫ్టింగ్, అంటే కోళ్లను బండికి ఎత్తడం, 5 రోజులు ఆగింది. ఆ వయసులో కోడి రోజుకు 80 గ్రాములకు తక్కువ కాకుండా పెరుగుతుంది. బరువు 2.6 అయ్యేసరికి చదరపు మీటరుకు దాదాపు 31 కిలోలు. ఒక్క కోడిని అదనంగా దించకుండానే ఇరుకు దాదాపు 20 శాతం పెరిగింది. లిఫ్టింగ్ ఆలస్యాన్ని రైతులు దాణా నష్టంగానే చెప్పుకుంటారు. కోడికి అది ఊపిరాడని రోజుల లెక్క.

పోల్చి చూసుకోవడానికి: యూరోపియన్ యూనియన్ 2007 నాటి బ్రాయిలర్ ఆదేశంలో మామూలు హద్దు 33 కిలోలు, షరతుల మీద 39, 42 దాకా వెళ్లొచ్చు. అక్కడి స్వచ్ఛంద ఒప్పందం ‘యూరోపియన్ చికెన్ కమిట్‌మెంట్’ 30 దగ్గర ఆపమంటుంది. ఈ అంకెలు చూపించి ‘యూరప్‌లోనే 33 ఉంది, మీకు 31 ఎక్కువా’ అని ఎవరైనా అంటే ఆ ఆదేశంలోని షరతు కూడా గుర్తుచేయండి: 33 దాటే షెడ్డులో, బయట నీడలో 30 డిగ్రీలు దాటినప్పుడు లోపలి వేడి బయటికన్నా 3 డిగ్రీలకు మించి ఉండకూడదు, అమ్మోనియా కోడి తల ఎత్తులో 20 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 20) దాటకూడదు. మన రేకుల షెడ్డులో ఆ ఏర్పాట్లు లేవు. అందుకే తెరిచిన షెడ్డుకు మా మాట ఇది: చలికాలం అడుగుకో కోడి, మార్చి నుంచి జూన్ దాకా కోడికి 1.2 అడుగులు. 8,700 అడుగుల షెడ్డులో అది 7,250 పిల్లలు, అదే 4 శాతం పోగా 2.2 కిలోల దగ్గర చదరపు మీటరుకు 19 కిలోలు.

ఒప్పందంలో చూడాల్సినవి నాలుగైదు ఉన్నాయి, అన్నిటిలోకీ ముఖ్యమైనది లిఫ్టింగ్ గడువు. ‘కంపెనీ వీలును బట్టి’ అని ఉంటే గడువు లేనట్టే. ఇన్నో రోజు లేదా ఇంత సగటు బరువు, ఏది ముందు వస్తే అది, అని రాయించండి. గడువు దాటాక ఎండకు చనిపోయిన కోళ్లు రైతు మోర్టాలిటీలో (చావుల లెక్కలో) కలపకూడదని ఇంకో వాక్యం. కాలాన్ని బట్టి దించే పిల్లల గరిష్ఠ సంఖ్య, మొదటి వారం చావులు ఎవరి ఖాతా, బతకవని ఏరి చంపేసిన కోళ్లు ఎవరి ఖాతా, పశువైద్యుడు ఎన్నిసార్లు వస్తాడు, ఇవీ ఉండాలి. కాగితం తెలుగులో అడగండి, సంతకాలయ్యాక మీ ప్రతి మీ చేతికి రావాలి. పూచీగా ఖాళీ చెక్కులు అడిగే చోట వాటి నంబర్లు రాసి రసీదు తీసుకోకుండా ఇవ్వొద్దు. చెక్కు అవతలివాళ్ల బీరువాలో ఉన్నంతకాలం కోడి గురించి నోరెత్తడం కష్టం.

మొదటి వారం

పెట్టెలు దించగానే నాలుగైదు పెట్టెలు తూచి, ఖాళీ పెట్టె బరువు తీసేసి, పిల్ల సగటు రాసుకోండి. 40 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పిల్ల పాదాలను మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ప్రయాణంలో చలి తగిలింది, లేదా మీ బ్రూడింగ్ (పిల్లలకు వేడి పెట్టే ఏర్పాటు) కింద ఊక వేడెక్కలేదు. పిల్లలు రాకముందే ఊక మీద థర్మామీటరు పెట్టి 32-33 డిగ్రీలు ఉన్నట్టు ఫోటో తీసి ఉంటే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. బొడ్డు మానకుండా నల్లటి పొక్కు ఉన్నవి, కాళ్లు ఎండి నరాలు తేలినవి విడిగా లెక్కపెట్టండి.

24 గంటలకు 100 పిల్లల మెడ కింద సంచిని వేలితో నొక్కి చూడండి. మెత్తగా, నిండుగా, తడి దాణా తగలాలి. 95కి పైగా నిండి ఉండాలి. ఈ ఒక్క పరీక్షకు చాలా విలువ ఉంది. సంచులు నిండాయి, వేడి సరిగా ఉంది, అయినా 3-5 రోజుల మధ్య పిల్లలు పోతున్నాయంటే చూపు పిల్లల్ని పొదిగించే హేచరీ వైపు తిరగాలి. బొడ్డు ద్వారా సూక్ష్మక్రిములు చేరి పచ్చసొన కుళ్లిపోవడం అక్కడ మొదలయ్యే జబ్బు. సంచులు ఖాళీగా ఉంటే తప్పు మన దగ్గరే: నీళ్లు దూరం, వెలుతురు తక్కువ, లేదా వేడి చాలక పిల్లలు గుంపులు కట్టి తిండి మానేశాయి. వారానికి 1 శాతం దాటి చనిపోతే ఆ రోజే మెసేజ్ వెళ్లాలి. ఇరవయ్యో రోజున చెబితే ఎవరూ వినరు.

ఊక, వాసన, కాళ్లు

ఇంటెన్సివ్ ఫారంలో కోడి నేల వదిలి ఎక్కడికీ పోదు. బతుకంతా ఆ 3 అంగుళాల ఊక మీదే. కాబట్టి ఊకను చదవడం వస్తే కోడి స్థితిలో సగం తెలిసినట్టే.

గుప్పెడు ఊక తీసి గట్టిగా నొక్కి చేయి తెరవండి. కొద్దిగా అంటుకుని మెల్లగా రాలిపోతే బాగుంది. ఉండ కట్టి అలాగే నిలిస్తే తడి ఎక్కువైంది. పొడిలా జారిపోతే దుమ్ము లేచి కోడికి దగ్గు వస్తుంది. షెడ్డులో 5 చోట్ల ఇది చేసి, తడి ఎక్కడుందో నోట్‌బుక్‌లో షెడ్డు బొమ్మ గీసి గుర్తు పెట్టండి. ఆ బొమ్మే కారణం చెబుతుంది. కోళ్లు పొడిచి తాగే నీళ్ల గొట్టాల, అంటే నిపుల్ లైన్ల కింద మాత్రమే తడి ఉంటే లైను కిందికి ఉంది లేదా ప్రెషర్ ఎక్కువ. కోడి పాదాలు నేలకు ఆని, మెడ పైకి చాచి తాగేలా లైను ఉండాలి, పక్కకి తిరిగి తాగితే నీళ్లు కారతాయి. గోడల వెంట తడి ఉంటే వాన జల్లు, పరదాల సంగతి. ఈ రెండూ రైతు చూసుకోవాల్సినవే. షెడ్డంతా ఒకేసారి, ఒకటి రెండు రోజుల్లో, రెట్ట నీళ్లలా మారి తడిసిందంటే కొత్త దాణా లోడు ఏ రోజు దిగిందో చూడండి. ఉప్పు ఎక్కువైన దాణాకు కోడి విపరీతంగా నీళ్లు తాగుతుంది. పేగు జబ్బు, కాక్సీడియోసిస్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి చనిపోయిన తాజా కోడిని డాక్టరు కోసి చూశాకే ఏదో ఒకటి అనాలి.

అందుకే ప్రతి లోడు దిగిన రోజు 5 బస్తాల నుంచి తలా ఒక గుప్పెడు తీసి కలిపి, అరకిలో చొప్పున రెండు పొట్లాలు కట్టండి. బస్తా మీది బ్యాచ్ నంబరు, తేదీ రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించి పొడిగా ఉన్న చోట దాచండి. గొడవ వచ్చాక బస్తా కోసం వెతికితే ఖాళీ సంచే దొరుకుతుంది.

అమ్మోనియా దగ్గర ఒక తిరకాసు ఉంది. రోజూ షెడ్డులో ఉండే మనిషి ముక్కు అలవాటు పడిపోతుంది, ‘వాసనేం లేదే’ అని నిజాయితీగానే అంటాడు. తెల్లవారుజామున, పరదాలు ఎత్తకముందు, గొంతుక్కూర్చుని కోడి తల ఎత్తులో ఒక నిమిషం ఉండండి. కళ్లు మండితే హద్దు దాటినట్టే. పట్టీని స్వేదనజలంలో తడిపి అదే ఎత్తులో పట్టుకుని, పెట్టె మీది రంగుతో పోల్చి రాయండి. చలికాలం వేడి పోతుందని పరదాలు బిగించేస్తారు. పొద్దున్నే కోళ్ల కళ్లు మూసుకుపోయి, నీరు కారడం అప్పుడే చూస్తాం. పైన ఒక అడుగు మేర పరదా తెరిచి ఉంచడం అవసరం.

ఇక కాళ్లు. 21, 28, 35 రోజులకు షెడ్డు పొడవునా నాలుగు వరసలుగా, ఒక్కో వరస ఏడెనిమిది అడుగుల వెడల్పున, నెమ్మదిగా నడవండి. కుంటుతూ కొన్ని అడుగులు వేసి కూలబడేవి ఒక లెక్క, తట్టినా లేవనివి ఇంకో లెక్క. ఒకరు చూసి చెబుతుంటే ఇంకొకరు రాయాలి, నడుస్తూ రాస్తే సంఖ్య తప్పుతుంది. తర్వాత 5 చోట్ల 20 చొప్పున 100 కోళ్లను ఎత్తి కుడి అరికాలు చూడండి. ముందు తడిగుడ్డతో తుడవాలి, అంటుకున్న ఊక పుండును దాచేస్తుంది. నున్నగా ఉంటే 0, పైపైన గోధుమరంగు మచ్చ ఉంటే 1, నల్లటి పెచ్చు కట్టి లోతుగా ఉంటే 2. మడమ దగ్గర గోధుమరంగు కాలిన మచ్చ ఉంటే అది ఎక్కువసేపు కూర్చునే ఉంటోందని అర్థం.

ఊక పొడిగా ఉండి, అరికాళ్లు బాగుండి, అయినా కుంటేవి ఎక్కువ ఉంటే దాన్ని మేనేజ్‌మెంట్ మీదకి నెట్టడం తేలిక కాదు. 35-38 రోజుల్లో 2 కిలోలు దాటే జాతుల్లో ఛాతీ కండ పెరిగినంత వేగంగా ఎముక గట్టిపడదు. జాతి ఎంపిక, దాణాలో కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి రైతు చేతిలోనివి కావు. మీ ఒక్క షెడ్డు సంఖ్య వాదన అవుతుంది. అదే హేచరీ, అదే వారం పిల్లలు దిగిన 8-10 షెడ్ల సంఖ్యలు ఒక కాగితం మీద పక్కపక్కన పెడితే సాక్ష్యం అవుతుంది. ఇంటిగ్రేషన్ రైతులు రేటు కోసం కలుస్తారు, కాళ్ల లెక్క కోసం కూడా కలవాలి.

ఏరివేత: జీతం లెక్కే కోడిని బాధపెట్టే చోటు

లేవలేని కోడి నీళ్ల దాకా పోలేదు. రెండు రోజులు దాహంతో, మిగతావి తొక్కుతుంటే పడి ఉండి చస్తుంది. దాన్ని వెంటనే ఏరెయ్యాలని అందరికీ తెలుసు. అయినా ఏరరు. కారణం రాయి లాంటి గుండె కాదు, లెక్క. చాలా ఒప్పందాల్లో గ్రోయింగ్ చార్జీ, అంటే రైతుకిచ్చే పెంపకం కూలి, సీఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు ఎంత దాణా పట్టిందో చెప్పే సవరించిన లెక్క) మీద ఆధారపడుతుంది: తిన్న దాణాను బరువుతో భాగించి, దానికి 2లోంచి సగటు బరువు తీసేసి నాలుగో వంతు కలుపుతారు. ఏరేసిన కోడి తిన్న దాణా లెక్కలో ఉంటుంది, బరువు ఉండదు. పైగా అది మోర్టాలిటీ శాతాన్నీ పెంచుతుంది. ‘ఇంకో నాలుగు రోజులు ఉంటే బండెక్కుతుంది’ అనే ఆశ అక్కడి నుంచి పుడుతుంది. సాధారణంగా ఎక్కదు, కోళ్లను ఎత్తుకెళ్లే లైన్ బండివాళ్లు కుంటివాటిని పక్కన పడేస్తారు.

చేయాల్సింది రెండు. ఒకటి, త్వరగా ఏరడం. 20వ రోజుకు కోడి కిలో పైచిలుకు దాణా తిని ఉంటుంది, 35కు మూడు కిలోలు దాటుతుంది. నిలబడలేనిదాన్ని ఎంత ముందు తీస్తే లెక్కలోనూ అంత మేలు. పొద్దున, సాయంత్రం రెండు చుట్లు తిరగాలి. మెడ ఎముకను ఒక్క లాగులో విడదీయడం నేర్చిన చెయ్యే ఆ పని చేయాలి. బతికున్నదాన్ని గోతిలోకి విసరడం నేరమే, అలవాటైన నేరం. రెండోది, ఏరేసినవాటిని చావుల్లో కలపకుండా వేరే గడిలో, ఫోటోతో, సూపర్‌వైజర్ సంతకంతో రాయించడం. ‘ఇంత శాతం వరకు ఏరివేత మోర్టాలిటీలో కలపరు’ అన్న వాక్యం ఒప్పందంలోకి వస్తే కోడి బాధ ఒక్కసారిగా తగ్గుతుంది. షెడ్డులో వంద నీతి బోర్డులు కట్టినా ఆ పని జరగదు.

ఎండ

ఒక థర్మామీటరు బయట నీడలో, ఒకటి షెడ్డు మధ్యలో కోడి ఎత్తులో కట్టండి. మనిషి ఎత్తులో కడితే ఆ అంకెకు అర్థం లేదు. మధ్యాహ్నం 12, 2, 4 గంటలకు రెండూ రాయాలి. తేడా 3 డిగ్రీలు దాటుతోందంటే కప్పు నుంచి వేడి దిగుతోంది లేదా కోళ్లు ఎక్కువయ్యాయి. కప్పు మీద తాటికమ్మలో, వరిగడ్డో పరిచి తడపడం, రేకులకు సున్నం పూయడం రైతు పని.

పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా దాణా ఎత్తేసి రాత్రి, తెల్లవారుజామున పెట్టాలి. తిన్నది అరిగేటప్పుడు పుట్టే వేడే మధ్యాహ్నం కోడిని చంపుతుంది. నీళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. కప్పు మీది ట్యాంకులో నీళ్లు కాగిపోతాయి, గోనె చుట్టి తడుపుతూ ఉండాలి, గంటకోసారి లైను చివర తెరిచి వేడి నీళ్లు వదిలెయ్యాలి. నీటిని మంచులా చిమ్మే ఫాగర్ల విషయంలో ఊరిని బట్టి పద్ధతి మారుతుంది. తెలంగాణ పొడి ఎండలో ఫాగరు ప్రాణం పోస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల ఉక్కపోతలో, గాలిలో తేమ 70 శాతం దాటాక ఫాగరు వేస్తే కోడి రొప్పి వేడి వదులుకునే దారి కూడా మూసుకుపోతుంది. అక్కడ ఫ్యాను గాలే దిక్కు. కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు విడదీసి కూలబడితే నెమ్మదిగా మధ్యలో నడిచి లేపండి, పొట్ట కింద చిక్కుకున్న వేడి పోతుంది.

లిఫ్టింగ్ రాత్రి

నలభై రోజుల్లో కోడికి అన్నిటికన్నా పెద్ద దెబ్బలు తగిలేది ఈ ఆరేడు గంటల్లోనే. పట్టేవాళ్లు వేరే ముఠా, బండి వేరేవాళ్లది, రైతు కాటా దగ్గర ఉంటాడు, కోడి దగ్గర ఎవరూ ఉండరు.

బండి రాత్రి 10కి వస్తుందంటే దాణా 4 గంటలకు ఎత్తుతారు. బండి తెల్లారి 6కి వస్తే కోడి అప్పటికే 14 గంటలు పస్తు. దాణా తీయడం నుంచి కోత దాకా మొత్తం 8-12 గంటలు దాటకూడదన్నది లెక్క. దాటితే కోడి తడి ఊక తింటుంది, బరువు కూడా తరుగుతుంది. గంటకు పావు శాతమే అనుకున్నా 3 టన్నుల బండికి గంటకు 7.5 కిలోలు. షెడ్డు మొత్తానికి దాణా ఎత్తేయడం చాలామంది చేసే తప్పు. వల కట్టి ఆ బండికి పోయే కోళ్లను వేరు చేసి, వాటికే ఎత్తండి, మిగతావి తింటూ ఉండాలి. నీళ్లు మాత్రం కోళ్లను పట్టే నిమిషం దాకా ఉంచాలి. బండి చెప్పిన సమయం, వచ్చిన సమయం రెండూ రాసి డ్రైవరు సంతకం తీసుకోండి.

రెండు కాళ్లూ కలిపి పట్టాలి, ఒక చేతికి మూడుకు మించకూడదు. ఒంటికాలు పట్టి ఐదేసి కోళ్లను వేలాడదీస్తే తుంటి కీలు ఊడుతుంది, ఆ కోడి బండిలోనే లోపల రక్తం కారి చస్తుంది. నీలం బల్బు లేదా మసక వెలుతురులో పడితే కోళ్లు తక్కువ బెదురుతాయి. మొదటి 200 కోళ్లలో విరిగిన రెక్కలు లెక్కపెట్టి ముఠా మేస్త్రీకి అప్పుడే చూపించండి. తూకం అయ్యాక దారిలో ఎన్ని చనిపోయాయో రైతుకు ఎవరూ చెప్పరు. బండి నంబరుతో సహా ఆ సంఖ్య రాతపూర్వకంగా అడగండి. ప్రశ్న రికార్డులో ఉండడమే కొంత పని చేస్తుంది.

మందులు, చావులు

మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని రోజులు, ఎవరు చెప్పారు, కోతకు ముందు ఎన్ని రోజులు ఆపాలి, ఈ ఐదూ రాయని సీసా షెడ్డులోకి రాకూడదు. లేబుల్ లేని పొడి ఇస్తే తీసుకోవద్దు. కోలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడకుండా దాని తయారీ, అమ్మకాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలోనే నిషేధించింది.

చావులు ఒక్కసారిగా పెరిగితే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ఊరుకోవద్దు. బర్డ్ ఫ్లూ లాంటి జబ్బుల్ని 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తెలపడం యజమానితోపాటు కోళ్లు ఎవరి అధీనంలో ఉన్నాయో వాళ్ల బాధ్యత కూడా. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయిన సంగతి గోదావరి జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. చచ్చిన కోళ్లు కాలువలోకి, రోడ్డు పక్కకి కాదు, బోరుకు దూరంగా లోతైన గోతిలోకి, పొరపొరకూ సున్నంతో పోవాలి.

మెసేజ్ ఎలా రాయాలి

కోపం వద్దు, విశేషణాలు వద్దు. సూపర్‌వైజర్ కూడా టార్గెట్ల కింద నలిగే మనిషే. అతన్ని తిట్టే మెసేజ్‌ను అతను పైకి పంపడు, అంకెలున్న మెసేజ్‌ను పంపక తప్పదు. నమూనా:

“నమస్తే సార్. షెడ్డు నికర వైశాల్యం 808 చదరపు మీటర్లు. ఈ రోజుకు కోళ్ల వయసు 39 రోజులు, బతికున్నవి 9,580, వంద కోళ్ల సగటు తూకం 2.31 కిలోలు. చదరపు మీటరుకు 27.4 కిలోలు. ఒప్పందం ప్రకారం లిఫ్టింగ్ 38వ రోజుకు మొదలవ్వాలి. నిన్న మధ్యాహ్నం 2 గంటలకు బయట నీడలో 41, షెడ్డులో 43 డిగ్రీలు. నిన్న 46 చనిపోయాయి, గత వారం సగటు రోజుకు 9. ఫోటోలు జత చేశాను. రేపు సాయంత్రంలోగా కనీసం 2,500 ఎత్తించగలరు. వీలుకాకపోతే కారణం, తేదీ ఇక్కడే రాయగలరు.”

24 గంటల్లో జవాబు రాకపోతే అదే మెసేజ్ బ్రాంచి మేనేజరుకు, తర్వాత అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు. సూపర్‌వైజర్ ‘ఫోన్‌లో మాట్లాడదాం’ అంటే మాట్లాడండి, మాట్లాడిన పది నిమిషాల్లో ‘మీరు ఇలా చెప్పారు’ అని మెసేజ్ పెట్టండి. నెలకోసారి చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకోండి.

చట్టం ఎంతవరకు పనికొస్తుంది

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 కోడికి కూడా వర్తిస్తుంది. సెక్షన్ 11లో కదలడానికి చాలని పంజరంలో ఉంచడం, బాధ కలిగేలా రవాణా చేయడం, యజమాని అయి ఉండి తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చట్టంలో యజమాని అంటే సొంతదారు ఒక్కడే కాదు, ఆ సమయానికి జంతువు ఎవరి చేతిలో ఉందో వాళ్లు కూడా. దాణా రెండు రోజులు రాకపోతే కంపెనీ బాధ్యత ఉంటుంది, మీరు ఏమీ చేయకుండా కూర్చుంటే మీ బాధ్యతా ఉంటుంది. ‘దాణా అయిపోవస్తోంది’ అని ముందు రోజు పెట్టిన మెసేజే ఇద్దరినీ విడదీస్తుంది. శిక్ష సంగతి అడగొద్దు: మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. గుడ్ల ట్రే కూడా రాదు. కాబట్టి జరిమానా కోసం కేసు వేయడం దండగ. జిల్లా జంతు హింస నివారణ సంఘానికి, పశుసంవర్థక శాఖకు ఇచ్చిన ఫిర్యాదు, వాళ్లు వచ్చి రాసిన తనిఖీ కాగితం, ఒప్పందం గొడవలో పనికొచ్చే సాక్ష్యాలు. వాటికోసం ఫిర్యాదు చేయాలి.

గుడ్ల కోళ్ల ఫారం అయితే టేపుతో పంజరం నేల కొలవండి. 18 × 15 అంగుళాల గది 1,742 చదరపు సెంటీమీటర్లు. నాలుగు కోళ్లు పెడితే తలా 435, మూడు పెడితే 581. ఏ4 కాగితం 624. లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో ఈ విషయం చేపట్టింది, 2019లో కేంద్రం ప్రచురించిన ముసాయిదా నిబంధనలు కోడికి కనీసం 550 అన్నాయి. యూరోపియన్ యూనియన్‌లో పాత తరహా పంజరాలు 2012 జనవరి 1 నుంచి నిషేధం, అక్కడ గూడు, కూర్చునే కర్ర లాంటి ఏర్పాట్లున్న పంజరంలో కోడికి 750.

చుట్టుపక్కల ఊరివాళ్లకు దుర్వాసన, ఈగలు సమస్య అయితే దారి వేరు. పెద్ద ఫారాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు అవసరమని కేంద్ర మండలి 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ అనుమతి కాపీ సమాచార హక్కు కింద అడగొచ్చు.

కొనేవాళ్లను అడగడం

ఇంటిగ్రేటర్లలో చాలావరకు స్టాక్ ఎక్స్‌ఛేంజీలో లేని కంపెనీలు, వాళ్లు బయటికి చెప్పేది తక్కువ. వాళ్ల దగ్గర కోడిమాంసం, గుడ్లు కొనే హోటళ్లు, ఫాస్ట్‌ఫుడ్ గొలుసుల్లో కొన్ని లిస్టెడ్ కంపెనీలు. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక (వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక) ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అది కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికతో పాటు ఉంటుంది. అందులో సరఫరాదారుల గురించి ఏం రాశారో వెతకండి. ‘జంతు సంక్షేమానికి కట్టుబడి ఉన్నాం’ అన్న వాక్యం దొరికితే ఇన్వెస్టర్ రిలేషన్స్ మెయిల్‌కు ఐదు ప్రశ్నలు పంపండి. ఈ హామీ భారత్‌కు వర్తిస్తుందా, లేక విదేశీ మాతృసంస్థదేనా? గుడ్లకా, మాంసానికా, రెండింటికా? చదరపు మీటరుకు ఎన్ని కిలోలు? ఏ సంవత్సరానికి, ఇప్పటికి ఎంత శాతం అయింది? తనిఖీ ఎవరు చేశారు, ముందే చెప్పి వెళ్లారా, చెప్పకుండా వెళ్లారా? చాలా హామీలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. వాటా ఒక్కటి ఉన్నా వార్షిక సమావేశంలో అదే ప్రశ్న నోటితో అడగొచ్చు, ఆ సమావేశాలు ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి.

ప్రశ్నతో పాటు మీ నోట్‌బుక్ పేజీలు పంపాలనుకుంటే రైతు పేరు, ఊరు, ఫారం కోడ్ నల్లగా కొట్టేసి పంపండి. వచ్చే బ్యాచ్ పిల్లలు ఇవ్వాల్సింది ఆ కంపెనీయే. ఒకే హేచరీ, ఒకే నెల షెడ్లు ఎనిమిది పది కలిపి ఒక పట్టికగా పంపితే ఏ రైతో తేలదు, జవాబు మాత్రం దాటవేయలేరు.